తొలిచూపు రాజుగారిదే!

ఒకానొక రాజ్యం ఉండేది. రాజ్యం కంటే అందులోని సరస్సే పెద్దదని జనం చాటుగా నవ్వుకునేవారు. దాన్నేలే మహారాజు కీర్తిధ్వజుడు. అబ్బో, ఆయన దర్పం అంతా ఇంతా కాదు! గుమ్మం దాటితే చాలు, ముందు నగారా మోగాలి, నెత్తిన తెల్లగొడుగు పట్టాలి.

చలి మొదలవగానే ఆ సరస్సులో ఎక్కడెక్కడి పక్షులో దిగేవి. కిందటేడు ఎవరూ ఎరగని పక్షి ఒకటి వచ్చిందట. గేదెలు కాసేవాళ్ళతో సహా ఊరంతా చూసింది. రాజుగారు నగారా కొట్టించుకుంటూ వెళ్ళేసరికి అది కాస్తా ఎగిరిపోయింది. ఆయనకి తల కొట్టేసినట్టయింది.

అందుకని ఈ ఏడు దీపావళి మర్నాడే దండోరా వేయించాడు. "కొత్త పక్షి ఏది వచ్చినా తొలిచూపు రాజుగారిదే! ముందు చూసినవాడి కళ్ళకి శివరాత్రి దాకా గంతలు!"

పడవ నడిపే నూకన్న ఆ వారమంతా అవతలి లంకలో ఉండిపోయాడు. దండోరా సంగతి వాడికేం తెలుసు? తిరిగొస్తుంటే తుంగలో ఒక వింత పెద్దబాతు కనపడింది. తెల్లటి తల మీద, ఎవరో కాటుక వేలితో గీసినట్టు, రెండు నల్లని గీతలు! పడవ కట్టేసి ఆనందంగా కోటకి పరిగెత్తాడు.

"మారాజా, మన సరస్సుకి ఎన్నడూ రాని పిట్టొచ్చింది! ఈ కళ్ళతో చూశాను!"

"నాకంటే ముందే చూశావా? కట్టండిరా వీడికి గంతలు!"

నూకన్న లబోదిబోమన్నాడు. శివరాత్రి దాకా చూపు లేకపోతే పడవేం నడుపుతాడు? ఇంటిల్లిపాదీ ఏం తింటారు?

ఆస్థానంలో బాచన్న అని ఒక చమత్కారి ఉన్నాడు. మెల్లగా లేచాడు. "శిక్ష న్యాయమే ప్రభూ. కానీ పిట్ట ఇంకా అక్కడే ఉందేమో, చూసొద్దాం. దారిలో ఇంకో కొత్త పిట్ట ఎదురైతే మా కళ్ళు ముందు పడతాయి కదా? అందుకని నాతో సహా వచ్చేవాళ్ళందరికీ గంతలు కట్టించండి."

"భేష్! మరి పడవ?"

"నూకన్న చేతులు చాలు. చూపంటారా, తమరిది లేదూ!"

రాజు మీసం దువ్వుకున్నాడు.

ఇంకేం, పడవ కదిలింది. గంతలతో నూకన్న గడ వేస్తున్నాడు. గంతలతోనే ఒకడు నగారా కొడుతున్నాడు, ఒకడు గొడుగు పట్టాడు. రాజు నూకన్న కేసి తిరిగి కూచుని అరుస్తున్నాడు.

"ఎడమకిరా, ఎడమకి!"

"నా ఎడమకా, తమరి ఎడమకా మారాజా?"

ఆయన తేల్చుకునే లోపలే పడవ తుంగలో దూరి బురదలో కూరుకుపోయింది. ఆ కుదుపుకి నగారా పుల్ల వెళ్ళి గొడుగువాడి మోచేతికి తగిలింది. గొడుగు నీళ్ళలో పడింది. దానికోసం వాడు తడుముకోవడంలో నగారా కూడా బుడుంగుమంది!

"ఎవరూ మెదలకండి, పడవ అంచు ఎటుందో ఏమో," అన్నాడు బాచన్న. అందరూ బిగదీసుకుని కూచున్నారు. ఆ రాజు వెంట అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదు.

కాసేపటికి తుంగ కదిలింది. రాజు గొంతు గుసగుసలోకి దిగింది.

"బాచన్నా! వచ్చిందయ్యా! తల మీద రెండు గీతలు! చూశావా?"

"గంతలున్నాయి ప్రభూ. తమరన్నారు గనక ఉన్నట్టే."

"అదిగో, తిరగబడ్డ నా గొడుగులోకెక్కి కూచుంది! నాకేసే చూస్తోందయ్యా!"

"ఎప్పట్నించీ?"

"నేనిటు తిరగక ముందు నుంచే!"

"అయితే తొలిచూపు దానిదే ప్రభూ. దానికీ గంతలు కట్టమంటారా?"

రాజుకి నవ్వు పొంగుకొచ్చింది. పిట్ట బెదురుతుందని పైపంచె నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"రేపు సభలో తమరు చెప్తారు, మేమంతా చిత్తం అంటాం," అన్నాడు బాచన్న. "'అవును ప్రభూ, అచ్చం అలాగే ఉంటుంది' అని చెప్పగలిగినవాడు మాత్రం ఒక్కడే. వాణ్ణేమో శివరాత్రి దాకా చీకట్లో పెట్టారు."

రాజు మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి, తన చేత్తోనే నూకన్న గంతలు విప్పాడు.

"చూడరా! ఇదేనా?"

వెలుగుకి నూకన్న కళ్ళు చికిలించాడు. "ఇదే! ఇదే మారాజా! పొద్దున నేను చూసిందిదే!"

"నేనూ చూశాన్రా!" అన్నాడు రాజు, చిన్నపిల్లాడిలా వాడి భుజం పట్టుకుని ఊపేస్తూ. అందరి గంతలూ విప్పించాడు. ఒక నగారావాడు, ఒక గొడుగువాడు, ఒక చమత్కారి, ఒక పడవవాడు, ఒక మహారాజు నోరు తెరుచుకుని ఒక బాతుని చూస్తూ కూచున్నారు. అది మాత్రం గొడుగులో దర్జాగా ఈకలు సర్దుకుంది.

మర్నాడు కొత్త దండోరా పడింది. "వింత పక్షిని ముందు చూసినవాడికి పట్టుపంచె! నగారా మాత్రం ఒడ్డునే ఉండాలి!" మొదటి పంచె నూకన్నకే దక్కింది. బాచన్నకి రాజు తన సొంత శాలువా కప్పి, "నన్ను బురదలో దింపి గెలిచావు కదయ్యా!" అని పడీ పడీ నవ్వాడు.

పంచె చంకన పెట్టుకుని ఇంటికి చేరిన నూకన్న, పెళ్ళాం అచ్చమ్మ మొహం కేసే చూస్తూ కూచున్నాడు.

"ఏంది మావా, ఎన్నడూ చూడనట్టు అట్టా చూస్తావు?"

"ఏం లేదే. శివరాత్రి దాకా కనపడదేమో అనుకున్నాను," అన్నాడు వాడు.