గిజిగాడి ఏడు గూళ్లు

హైమా, ఈ కథలో ఏది ముందో ఏది వెనకో నేను తారుమారు చేయొచ్చు. గుర్తున్నంతవరకు ఇలా జరిగింది.

దిగుడుబావి మీదికి వంగిన తుమ్మచెట్టుకు ఏడు గిజిగాడి గూళ్లు వేలాడుతుండేవి. అన్నీ మల్లన్న అనే గిజిగాడి బుర్రలో ఉన్న ఒకే అచ్చు ప్రకారం కట్టినవి. కింద గొట్టం లాంటి దారి, ఓ పక్కగా గుడ్లకు అర, లోపల గోడకు తడిమట్టి ముద్ద. పక్క చెట్టుకు అతని పెద్దకొడుకు కట్టిన గూడూ అదే పద్ధతి, గొట్టం మాత్రం జానెడు పొడుగు. తండ్రి పనితనమంతా తనకు ఊరికే వచ్చిందనీ, తాను కలిపింది ఆ జానెడేననీ వాడు ఒప్పుకునేవాడు.

ఒక మధ్యాహ్నం జెర్రిపోతు చెట్టెక్కింది. మూడో గూట్లో ఇంకా కళ్లు తెరవని పిల్లలు మూడున్నాయి. మల్లన్నకు భయం వేసింది. అయినా కదలకుండా కూర్చున్నాడు.

పాముకూ భయముంది. గూళ్లున్న రెమ్మలు సన్నం, కింద బావి లోతు. అందుకే లోపలేమున్నాయో చెప్పమని మల్లన్నను తీరిగ్గా అడిగింది.

"బయట కూర్చుని ఎలా చెప్పను మామా? ఏ గూటి సంగతి దాని వాకిట్లోకి వెళ్లి తెలుసుకోవలసిందే."

"ఏడు వాకిళ్లు తిరిగే ఓపిక నాకు లేదు. అన్నీ ఒకే అచ్చేనా?"

"ఒకటే అచ్చు. ఆ చివరిది మాత్రం ముట్టుకోకు, నీకు దణ్ణం పెడతా."

వద్దన్నాడంటే అందులోనే ఉన్నాయనుకుంది జెర్రిపోతు. రెమ్మ ఊగుతుంటే ప్రాణాలు బిగబట్టి పాకి, చివరి గూట్లో తల దూర్చింది. ఆ గూటి పిల్లలు ముందురోజే ఎగిరిపోయాయి. లోపల రెండు ఈకలు తప్ప ఏమీ లేదు.

"ఒక్క అచ్చులో పోసినవి, ఒకటి ఖాళీ అయితే అన్నీ ఖాళీయే. అనవసరంగా ఈ కొసదాకా పాకించావు కదరా" అని గొణుక్కుంటూ దిగిపోయింది.

రెండు వారాల తర్వాత మూడో గూట్లోంచి మూడు పిల్లలు దాని నెత్తి మీదుగానే ఎగిరాయి. అచ్చు ఒకటేనన్నావు కదా అని అది మల్లన్నను నిలదీసింది.

"అచ్చు ఒకటే మామా. గూళ్లు ఏడు."

కట్టిన తీరు ఒకటైనా, లోపల దాచుకున్నది దేనిది దానిదే.

హైమా, నీ కంప్యూటర్ పాఠంలో అచ్చును క్లాస్ అనీ, గూటిని ఆబ్జెక్ట్ అనీ, కొడుక్కి తండ్రి నుంచి వచ్చినదాన్ని ఇన్‌హెరిటెన్స్ అనీ నువ్వు చెప్పినట్టు గుర్తు. ఆ పేర్లు ఒకసారి సరిచూడమ్మా.