అగ్గిపుల్ల చెప్పిన నాడి

అనగనగా ఒక ఊరు, ఆ ఊరిని ఆనుకుని ఒక తాటివనం. ఆ ఊళ్ళో స్వరూప అని ఒక పదో తరగతి పిల్ల. వాళ్ళ నాన్న బాలనర్సయ్య కల్లు గీసేవాడు. పొద్దున్నా సాయంత్రమూ తాటిచెట్లెక్కి లొట్లు దించుకొచ్చేవాడు. లొట్టి అంటే చెట్టు మీద కల్లు పట్టే కుండ. ఇటు తిరుగు బంగారూ, కాళ్ళు ఆడించకుండా విను.

ఇంకో మూడు రోజుల్లో స్వరూపకి జీవశాస్త్రం పరీక్ష. మూడు పాఠాలు మిగిలిపోయాయి: గుండె, మూత్రపిండాలు, మెదడు. రోజుకొకటి చదివేస్తే సరి అనుకుంది. మొదటి రోజు గుండె పాఠం తెరిచింది.

అందులో ఒక ప్రయోగం ఉంది. చొక్కా గుండీలో అగ్గిపుల్ల గుచ్చి, మణికట్టు మీద నాడి కొట్టుకునే చోట పెట్టాలి. నాడి కొట్టినప్పుడల్లా అగ్గిపుల్ల తల ఊపుతుంది. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిందో లెక్కపెట్టి రాయాలి. క్లాసులో ఎవ్వరూ ఆ పని చెయ్యలేదు. గైడులో డెబ్బై రెండు అని ఉంటే అందరూ అదే ఎక్కించేశారు. తాతకీ డెబ్బై రెండే, చంటిపిల్లకీ డెబ్బై రెండే! ఆ గైడు రాసినాయన ఎవరి చెయ్యి పట్టుకుని చూశాడో మరి.

స్వరూప మాత్రం చేసి చూద్దామనుకుంది. అన్నం తిని మంచం మీద పడుకున్న నాన్న చేతి మీద గుండీ పెట్టింది. అగ్గిపుల్ల ఒకసారి ఊగింది, రెండోసారి ఊగింది, మూడోసారి ఊగింది. అప్పుడు ఆగిపోయింది. స్వరూప ఊపిరి బిగబట్టి చూసింది. కాసేపటికి అది మళ్ళీ కదిలింది.

"గుండీ ఒరిగింది కాబోలు" అనుకుని, తనూ డెబ్బై రెండు అని రాసేసింది. ఆ తర్వాత నాన్న లేచి, నీళ్ళు తాగి, మోకు భుజాన వేసుకుని వనానికి వెళ్ళిపోయాడు. మోకు అంటే చెట్టుకీ నడుముకీ కలిపి చుట్టుకునే లావుపాటి తాడు.

అప్పుడు స్వరూప బీడీలు చుడుతున్న అమ్మ చేతి మీద గుండీ పెట్టింది.

"నా చెయ్యి ఇడువవే, ఆకు ఎండిపోతది" అని అమ్మ విసుక్కుంది. అగ్గిపుల్ల మాత్రం ఆగకుండా ఊగింది. ఆ తర్వాత తమ్ముణ్ణి పట్టుకుని కూర్చోబెట్టింది. పరుగెత్తి వచ్చాడేమో, ఇంకా గబగబా ఊగింది. చివరికి తన చేతి మీదే పెట్టుకుంది. ఎక్కడా ఆగలేదు.

అయితే గుండీలో తప్పు లేదు. పోయిన వారం పొలం గట్టు మీద కళ్ళు తిరిగి నాన్న కూలబడిపోయాడు. "ఉత్త కడుపుతోని పోయిండు, అందుకే" అంది అమ్మ. అది గుర్తొచ్చింది స్వరూపకి. పుస్తకం అక్కడే పడేసి, గుండీ గుప్పిట్లో పట్టుకుని వనానికి పరుగెత్తింది.

వెళ్ళేసరికి నాన్న మొదటి చెట్టు చిటారున ఉన్నాడు. "నాయినా" అని అరవబోయి, రెండు చేతులతో నోరు మూసుకుంది. ఎందుకంటావా? చెట్టు మీదున్న మనిషిని కింద నుంచి కేకెయ్యకూడదని ఆ ఇంట్లో నియమం. తల తిప్పాడంటే కాలు జారుతుంది. అందుకని పాపం ఆ పిల్ల మెడ ఎత్తి చూస్తూ అలాగే నిలబడింది. ఆకు గలగలమన్నా గుండె గుభేలుమనేది.

నాన్న దిగాడు. స్వరూప అంతా చెప్పింది. ఆయన పకపకా నవ్వాడు.

"అగ్గిపుల్ల చెప్పిందని చెట్లెక్కుడు మానాల్నా? పో, పోయి సదువుకో బిడ్డా."

అని రెండో చెట్టు ఎక్కాడు. సగం దాకా వెళ్ళి ఆగిపోయాడు. నుదురు మానుకి ఆనించి అలాగే ఉండిపోయాడు. స్వరూప లోపల్లోపల లెక్కపెట్టసాగింది. ఒకటి, రెండు, మూడు... పదకొండు దాకా వచ్చాక ఆయన కాలు కదిలింది. పైకి కాదు, కిందికి. మెల్లగా, ఒక్కో అడుగే దిగాడు. ఒళ్ళంతా చెమట.

"కండ్లు చీకట్లయినయ్" అన్నాడు.

అప్పుడు స్వరూప ఆయన్ని కూర్చోబెట్టి, చేతి మీద గుండీ పెట్టి, "నువ్వే లెక్కపెట్టు నాయినా" అంది.

"ఒకటి, రెండు, మూడు" అని బాలనర్సయ్య ఆగాడు. అగ్గిపుల్ల వంక చూశాడు, కూతురి వంక చూశాడు. "నాలుగెటు పాయె?"

అంత చూసినా మూడో చెట్టు మీదికే పోయింది ఆయన చూపు. అలవాటు అలాంటిది.

"గా ఒక్కటి దించి వస్త. లొట్టి పొర్లుతది."

స్వరూప వెళ్ళి మోకు మీద కూర్చుంది. ఆయన తలుచుకుంటే ఒంటిచేత్తో ఎత్తి పక్కన పెట్టగలడు. కానీ ఎత్తలేదు. వచ్చి ఆ పక్కనే చతికిలబడ్డాడు.

"మరి రేపటి సంది ఏం తింటం బిడ్డా?"

"బతికుంటే బలుసాకు తిని బతకొచ్చు, నడువు" అంది స్వరూప. పెద్ద ఆరిందాలా ఆ మాట అంది గానీ, ఆయన లేచేదాకా మోకు మీంచి కదల్లేదు.

మర్నాడు మొదటి బస్సుకే పెద్దాసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ తీగలు తగిలించి చూసింది. "గుండె మధ్యమధ్యలో కొట్టుకోవడం మరిచిపోతోంది. మరిచిపోయినప్పుడల్లా గుర్తుచేసే చిన్న మిషను లోపల పెట్టాలి" అంది. "ఈ గుండెతో చెట్లెక్కుతున్నావా?" అని కూడా అడిగింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

మిషను పెట్టే రోజే పరీక్ష రోజైంది. స్వరూప వెళ్ళనని మొండికేసింది. బాలనర్సయ్య పడుకున్నవాడు తల ఎత్తి, "పోయి రాయి. నువ్వుండి కోస్తవా ఏంది" అని కసిరి పంపాడు. లోపల ఆయనకి ఎంత భయమో ఆయనకే తెలుసు.

పరీక్షలో మూత్రపిండం బొమ్మ గియ్యమన్నారు. మెదడు పనులు రాయమన్నారు. ఆ రెండు పాఠాలూ ఆమె తెరవనే లేదు. నాడి మీద ఒక్క ప్రశ్న కూడా రాలేదు, చూశావా! తెలిసింది రాసింది, తెలియనిది వదిలేసింది. గంట కొట్టగానే బస్సెక్కింది. దారంతా అందరు దేవుళ్ళకీ మొక్కుకుంది.

ఆసుపత్రిలో నాన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు. అమ్మ పక్కన లేదు, మందులకి వెళ్ళింది. స్వరూపకి పిలవాలంటే భయం. మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టింది. ఒకటి, రెండు, మూడు. నాలుగు. ఐదు. అరవై దాకా లెక్కపెట్టింది, ఎక్కడా ఆగలేదు. అప్పుడు వచ్చింది ఏడుపు, మూడు రోజుల ఏడుపంతా ఒక్కసారే.

బాలనర్సయ్య కళ్ళు తెరిచాడు.

"ఎందుకేడుస్తవ్ బిడ్డా? నేను కిందనే ఉన్న గద."

కథేమో కంచికి, కన్నేమో కునుక్కి,
గుండేమో తన పనికి, మనమేమో మన ఇంటికి.