కనుకా, అయినా

మేఘవరం రాజ్యాన్ని ఒకప్పుడు రణసింహుడనే రాజు ఏలేవాడు. ఆయనకు తన పాటంటే ప్రాణం. తన గొప్పలు శాసనాలుగా రాయించి ఊరూరా చదివించడమంటే అంతకన్నా పిచ్చి.

ఆ శాసనాలు రాసేవాడు రాయసం ఓబళయ్య. సంగతేమిటో మొదటి వాక్యంలోనే చెప్పేసేవాడు. తరవాతి వాక్యాలను 'కనుక', 'అయితే', 'ఆ తరవాత' అంటూ ఒకదానికొకటి ముడివేసేవాడు. సంగతి మారితే కొత్త తాటాకు తీసేవాడు. అతను రాసింది వింటే పశువుల కాపరికైనా ఇట్టే అర్థమయ్యేది. ఆ పనితనమంటే ఓబళయ్యకు మహా గర్వం. ఉండదగ్గ గర్వమే లెండి!

ఒకనాడు, ఆ ఏడు వచ్చిన గాలివాన గురించి ఓబళయ్య రాసిన శాసనం విని రాజు మొహం చిట్లించాడు.

"ఏమయ్యా ఓబళయ్యా, మొదటి వాక్యంలోనే అంతా చెప్పేస్తే ఇక వినేదేముంది? పైగా ఈ కనుకలూ అయితేలూ ఏమిటి? నా మాటకు ఊతకర్రలు కావాలా? కలిపే ముక్కలన్నీ తీసేసి రేపు సభలో చదువు. కాదంటావా, ఆ గంటం ఇక్కడ పెట్టి ఇంటికి పో!"

తాత చేతి నుంచి తండ్రికి, తండ్రి చేతి నుంచి ఓబళయ్యకు వచ్చిన గంటం అది. అయినా తొణకలేదు.

"చిత్తం మహాప్రభో! తీయమన్నవన్నీ తీసేస్తాను" అన్నాడు.

మర్నాడు నిండు సభలో లేచి గొంతెత్తి చదివాడు.

"మహారాజుగారు పాడారు. ఇళ్ళు కూలాయి. జనం పరుగెత్తారు. మహారాజుగారు పాట ఆపారు. జనం పండగ చేసుకున్నారు."

సేనాపతి ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నాడు. వెనక వరసలో ఎవరో ఆపుకోలేక కిసుక్కుమన్నారు. రాజు భగ్గుమన్నాడు.

"ఓరీ! నా పాటకు ఇళ్ళు కూలాయంటావా?"

"నేనేమీ అనలేదు ప్రభూ. ఒక్క మాటా కలపలేదు, తీశానంతే. మధ్యలో ఖాళీ వదిలితే, వినేవాళ్ళు తమకు తోచిన 'అందువల్ల' పెట్టుకుంటారు."

"అయితే నీవే పెట్టి చదువు, చూద్దాం!"

ఓబళయ్య పాత ఆకు తీశాడు.

"గాలివానలో ప్రజలను మహారాజుగారు కన్నబిడ్డల్లా కాపాడారు. మొదట, ఎండలు మండిపోతున్నాయి కనుక, వాన కోసం మహారాజుగారు రోజూ పాడారు. ఆ తరవాత నెలకు గాలివాన వచ్చినందువల్ల ఇళ్ళు కూలాయి. అప్పుడు కోట తలుపులు తెరిపించారు కనుక జనం లోపలికి పరుగెత్తారు. వాళ్ళ కష్టం చూడలేక మహారాజుగారు పాట ఆపారు. చివరికి అందరూ ప్రాణాలతో బయటపడ్డారు కనుక జనం పండగ చేసుకున్నారు."

సభ ఈసారి నవ్వలేదు. ఆనాడు కోటలో తలదాచుకున్న ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. రాజు తన చేతి బంగారు కంకణం తీసి ఓబళయ్యకు తొడిగాడు.

"దీనికీ శాసనం రాయవయ్యా. ఓబళయ్య నన్ను నిండు సభలో నవ్వులపాలు చేశాడు. నా కంకణం అతనికి తొడిగాను."

ఓబళయ్య మొదటి వాక్యం రాసి గంటం ఆపాడు.

"ప్రభూ, ఇక్కడ 'అయినా' అని రాయమంటారా, 'కనుక' అని రాయమంటారా?"

రాజు సింహాసనం అదిరేలా పకపకా నవ్వాడు.

"'కనుక' అనే రాయి! ఊరూరా అలాగే చదివించు!"