దీనమ్మ వంతు రొట్టె

మా గుడి పాస్టరు జకరయ్య అయ్యగారికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా వచ్చి ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. సంఘ పెద్ద గమలీయేలు గారు ఒకసారి వెళ్ళి, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్కరే ఎలా అవుతారని అడిగారు. అయ్యగారు ఆయన ముందు గంపెడు చింతపండు పెట్టి గింజలు తియ్యమన్నారు. గమలీయేలు గారు సాయంత్రానికి నడుం పట్టుకుని ఇంటికొచ్చారు. త్రియేకత్వం సంగతి ఏమైందని అడిగితే ఆలోచించుకోవాలి అన్నారు. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నారు. అయ్యగారింట్లో మాత్రం ఆ ఏడాది చింతపండుకు లోటు లేకుండా గడిచింది.

అలాంటి మనిషి దగ్గరికి ఫిలేమోను ప్రశ్న పట్టుకుని వెళ్ళాడు.

ఫిలేమోను మా పక్కింటివాడు, ఆటో నడుపుతాడు. అంతకు ముందటి వేసవిలో ఉజ్జీవ కూటాలు జరిగినప్పుడు లేచి నిలబడి, తన జీవితం మొత్తం ప్రభువుకు ఇచ్చేశానని సాక్ష్యం చెప్పాడు. ఆ కూటాల్లో చాలామంది ఇస్తారు, పందిరి విప్పేలోగా వెనక్కి తీసుకుంటారు. ఇతను తీసుకోలేదు. తెల్లవారి ప్రార్థనకు గుడి తలుపు తెరిచేది ఇతనే. ఉపవాస కూటానికి చాపలు పరిచేది ఇతనే. ఎవరింట్లో జబ్బు చేసినా మంచం పక్కన మోకరించేదీ ఇతనే. రోగుల్ని ఆస్పత్రికి తీసుకెళ్తే కిరాయి ముట్టడు. పేటంతా అతన్ని మెచ్చుకునేది. అలాంటి కొడుకు తమకెందుకు పుట్టలేదని కొందరు తల్లులు సొంత కొడుకుల ముందే బాధపడ్డారు. అతనింట్లో వాళ్ళను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

ఇంట్లో ఉన్నది భార్య దీనమ్మ, పక్షవాతం వచ్చి మంచాన పడిన తల్లి సంతోషమ్మ. పిల్లలిద్దరూ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు.

"అయ్యగారూ, పూర్ణహృదయంతో ప్రభువును వెంబడించడమంటే ఏమిటండీ?" అని అడిగాడు ఫిలేమోను. "నేను అంతా ఇచ్చేశాననే అనుకున్నాను. ఇప్పుడు చూస్తే దీనమ్మ బల్లకు రానంటోంది. నేనేం తక్కువ చేశానో నాకు అర్థం కావడంలేదు."

నెల మొదటి ఆదివారం మా గుడిలో ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే రోజు. భార్యాభర్తలు కలిసి ముందుకు వెళ్ళి పక్కపక్కన మోకరించడం మా పేట ఆచారం. ఒకరు వెళ్ళి ఒకరు కూర్చుండిపోతే పాట పాడుతున్నవాళ్ళు కూడా పాట మరిచిపోయి చూస్తారు. బల్ల మానేసిన వాళ్ళు తర్వాత గుడి మానేశారు, ఆ తర్వాత ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. అలాంటి సంసారాలు పేటలో ఉన్నాయి. ఆ ఇళ్ళ పేర్లు నేను చెప్పను, అడిగితే చూపిస్తాను. ఫిలేమోనుకు ఆ ఇళ్ళు బాగా తెలుసు. వాటన్నిటిలోనూ ప్రార్థన చేసి వచ్చాడు.

అయ్యగారు దీనమ్మను పిలిపించి కారణం అడిగారు. ఆమె ఏమీ దాచలేదు.

"మనసులో కోపం పెట్టుకుని బల్ల ముట్టకూడదని మీరే చెప్పారు కదండీ. నాకు కోపం ఉంది. అందుకని రాను. ఇందులో నేను వాక్యం తప్పిందేముంది?"

"కోపం ఎవరి మీదమ్మా?"

"ఈయన మీదో, ఈయన్ని తీసుకుపోయినాయన మీదో, ఇంకా తేల్చుకోలేదండి."

ఆ మాట వీధిలోకి వచ్చేసరికి పేట రెండు ముక్కలైంది. ఆమెది అవిశ్వాసం అన్నారు సగంమంది. అంత నిజాయితీగా బల్ల మానుకున్న మనిషిని తాము చూడలేదన్నారు మిగతా సగం. రెండు మాటలూ విన్నవాళ్ళు రెండింటికీ తలాడించారు.

దీనికి తోడు ఇంకో చిక్కు వచ్చిపడింది. బల్లకు కావలసిన పులియని రొట్టె మా పేటలో వంతుల ప్రకారం చేస్తారు. ఎవరి వంతు వస్తే ఆ ఇంటి ఆడవాళ్ళు శనివారం పూట గోధుమపిండి కలిపి, పెనం మీద మందంగా కాల్చి, తెల్లగుడ్డలో చుట్టి గుడికి పంపుతారు. ఆ నెల వంతు దీనమ్మది. వంతు తప్పనని ఆమె ముందే చెప్పేసింది. రొట్టె చేస్తుంది, కానీ తినడానికి రాదు.

"కోపంగా ఉన్న చేతులతో చేసిన రొట్టె పనికొస్తుందా?" అని గమలీయేలు గారు అరుగుమీద చర్చ పెట్టారు. పనికిరాదని ఆయనే తేల్చారు. బస్టాండు దగ్గర బేకరీలో బన్ను తెద్దామన్నారు. బన్ను చేసినవాడికి ఆ రోజు కోపం ఉందో లేదో ఎవరు కనుక్కుంటారని ఒకావిడ అడిగింది. ఆ ఒకావిడ నేనే. ఆయన దానికీ ఆలోచించుకోవాలన్నారు.

శనివారం పొద్దున్నే అయ్యగారు ఫిలేమోను ఇంటికి వచ్చారు. మా రెండిళ్ళకూ మధ్య గోడ ఉంది గానీ, అది మేకల్ని ఆపడానికే గాని మాటల్ని ఆపడానికి కట్టింది కాదు.

"ఇవ్వాళ సిద్ధపాటు కూటం కదా," అన్నారు అయ్యగారు. బల్లకు ముందురోజు మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు గుడిలో కూర్చుని మనసులు సరిచేసుకునే కూటం అది. "అమ్మా దీనా, నువ్వు కూటానికి రా. ఫిలేమోనూ, నువ్వు ఇంట్లో ఉండి రొట్టె చెయ్యి."

ఆ కూటంలో పాటలు ఎత్తేది, ప్రార్థన నడిపేది అతనే.

"నేను లేకపోతే కూటం ఎలా సాగుతుందండీ?"

"చూద్దాం."

"రొట్టె చెయ్యడం నాకు రాదండి."

"పిండి, నీళ్ళు, నిప్పు. ఉప్పు కూడా అక్కర్లేదు."

"మా అమ్మను ఎవరు చూస్తారండీ?"

"ఇన్నాళ్ళూ ఎవరు చూశారు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా అయ్యగారు వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం దీనమ్మ తలకు నూనె రాసుకుని, బైబిలు పుస్తకం చంకన పెట్టుకుని బయలుదేరింది. వాకిట్లో ఆగి వెనక్కి చూసింది. ఏదో చెప్పబోయి, చెప్పకుండానే వెళ్ళింది. ఆమె వెనక్కి చూడకపోయినా ఆ ఇంట్లో ఏమీ తక్కువయ్యేది కాదు. ఏ వస్తువు ఎక్కడుందో చెప్పి వెళ్ళాల్సింది.

వాళ్ళ పొయ్యి పెరట్లో గోడ పక్కనే, నాకు కనబడేచోటే ఉంది. ఫిలేమోను ఏ పనైనా మనసుపెట్టి చేసే మనిషి. పిండిలో నీళ్ళు ఎక్కువయ్యాయి, పిండి పోశాడు. పిండి ఎక్కువైంది, నీళ్ళు పోశాడు. ఒక రొట్టెకు మొదలుపెట్టింది పెళ్ళి భోజనాలకు సరిపడేంత అయింది. అందులోంచి ఒక ముద్ద తీసి పెనం మీద పరిచాడు. పరిచాక, ఇది మామూలు రొట్టె కాదని గుర్తొచ్చినట్టుంది. పొయ్యి పక్కనే మోకరించి, పిండి చేతులు పైకెత్తి ప్రార్థన మొదలుపెట్టాడు. సంఘం కోసం చేశాడు, గ్రామం కోసం చేశాడు, పాలకుల కోసం చేశాడు. దూరదేశాల్లో శ్రమపడే సేవకుల దగ్గరికి వెళ్ళేసరికి లోపలినుంచి సంతోషమ్మ పిలిచింది.

"దీనమ్మా."

అతను గొంతు కొంచెం పెంచాడు. ప్రార్థన మధ్యలో సాతాను ఇలాగే ఆటంకం పెడతాడని అతను మాకు చాలాసార్లు చెప్పి ఉన్నాడు.

"దీనమ్మా, తడిసిపోయిందే."

ఫిలేమోను ఇంకొంచెం గట్టిగా దూరదేశాల్లోనే ఉన్నాడు. తర్వాత ఒక్కసారిగా నోరు మూసుకున్నాడు. పొయ్యి చిటపటమనడం, లోపలి గదిలో ముసలామె చిన్నగా మూలగడం, రెండే వినబడ్డాయి. అతను లేచి లోపలికి వెళ్ళాడు.

"నువ్వా? నువ్వెందుకురా, దీనమ్మ ఏది?" అంది సంతోషమ్మ.

"కూటానికి వెళ్ళిందమ్మా."

"పోనీలే. పాపం, నేను పడిపోయిన దగ్గర్నుంచీ బల్లకు తప్ప గుడి గడప తొక్కలేదు." మళ్ళీ, "నీ ప్రార్థన బాగుంటుందిరా. రోజూ వింటా, మైకులో," అంది.

దానికి కొడుకు ఏమన్నాడో వినబడలేదు. తర్వాత అతను గోడ దగ్గరికి వచ్చాడు.

"వదినా, మా అమ్మ గుడ్డలు దీనమ్మ ఎక్కడ పెడుతుందో నీకేమైనా తెలుసా?"

"మీ ఇంట్లోనా?" అన్నాను.

అతను తల ఊపాడు. నాకు తెలుసు, కానీ వెంటనే చెప్పలేదు. ఊళ్ళో ఎవరి మంచం పక్కన ఏ మందుసీసా ఉందో చెప్పగలిగిన మనిషి అలా నిలబడటం మళ్ళీ చూస్తానో లేదో అనిపించింది. ఈలోగా అతని వెనక వాసన మొదలైంది.

"రొట్టె మాడుతోంది," అన్నాను.

అతను పెనం వైపు చూశాడు, తల్లి ఉన్న గది వైపు చూశాడు. తల్లి దగ్గరికే వెళ్ళాడు. వెళ్ళేదారిలో పెట్టె తెరిచి చేతికి అందిన చీర తీసుకుపోయాడు.

ఇక్కడ ఇలా ఉంటే, గుడిలో దీనమ్మ ఏంచేసిందో కూడా, నేను తర్వాత విన్నంతవరకు, చెప్పాలి. చివరి వరసలో గోడకు ఆనుకుని కూర్చుంది. మొదటి పాట అయ్యేసరికి నిద్రపోయింది. ఒప్పుకోలు ప్రార్థనకు లేవలేదు, వాక్యానికి లేవలేదు. గమలీయేలు గారు వెళ్ళి తట్టబోతే అయ్యగారు చెయ్యి అడ్డంపెట్టారు. పాటలు కూడా మెల్లగా పాడమన్నారు. సంఘమంతా గుసగుసగా స్తుతించిన కూటం అదొక్కటే. ఆ విధంగా, సిద్ధపాటు కూటానికి వెళ్ళిన మనిషి సిద్ధపడకుండా నిద్రపోయింది. ఇంట్లో ఉన్నవాడు రొట్టె మాడ్చాడు. ఇక ఆదివారం సంగతి ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు.

పొద్దుగూకే వేళకు దీనమ్మ ఇల్లు చేరింది. ముందు అత్తను చూసింది. సంతోషమ్మ శుభ్రంగా, పొడిగా ఉంది. ఒంటిమీద దీనమ్మ క్రిస్మస్ చీర ఉంది, మూట కట్టినట్టు చుట్టి ఉంది.

"అది నా పండగ చీర," అంది దీనమ్మ.

"అదే పైన కనబడింది," అన్నాడు ఫిలేమోను.

ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళి రొట్టె చేతిలోకి తీసుకుంది. ఒకవైపు నల్లగా పెంకులా ఉంది, రెండోవైపు పచ్చిగా ఉంది. పక్కన గిన్నెలో ఇంకా బోలెడు పిండి మిగిలి ఉంది. కొత్త రొట్టె చెయ్యడానికి ఆమెకు ఎంతోసేపు పట్టదు. చెయ్యలేదు. ఆ రొట్టెనే రెండోవైపు తిప్పి పచ్చి పోయేదాకా కాల్చి, తెల్లగుడ్డలో చుట్టింది. మిగిలిన పిండితో ఇంట్లోకి చపాతీలు చేసింది, మాకూ ఇచ్చింది.

ఆదివారం ఫిలేమోను చాపలు పరచడానికి ముందుగా రాలేదు. ఆరాధన మొదలయ్యాక వచ్చాడు, ఆటోలో తల్లిని పడుకోబెట్టుకుని. ఆటోను గుడి తలుపుకు ఎదురుగా ఆపాడు. సంతోషమ్మ లోపల పాడే పాటకు ఒకవైపు పెదవులతోనే పాడింది. దీనమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని ఆటోలోనే కూర్చుంది.

అయ్యగారు తెల్లగుడ్డ విప్పారు. గమలీయేలు గారు కళ్ళు మూసుకున్నారు, భక్తితోనో మరెందుకో చెప్పలేను. అయ్యగారు రొట్టె విరిచినప్పుడు వచ్చిన చప్పుడు వెనక వరసల దాకా వినబడింది. జంటలు జంటలుగా జనం ముందుకు వెళ్ళి మోకరించి, రొట్టె పుచ్చుకుని, చాలాసేపు నమిలారు. ఏ నెలా బల్ల అంత నెమ్మదిగా సాగలేదు.

ఫిలేమోను వంతు వచ్చింది. అతను ఒక్కడే నడిచి వెళ్ళి మోకరించాడు. పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. పాట ఆగలేదు గానీ పలచబడింది. అతను తల ఎత్తలేదు. అయ్యగారు రొట్టె చేతిలో పట్టుకుని, అతనికి ఇవ్వకుండా, అలా నిలబడ్డారు. ఎవరికోసం ఆగారో అందరికీ తెలుసు. ఎంతసేపు ఆగుతారో మాత్రం తెలియదు.

దీనమ్మ ఆటో దిగింది. అత్త తల కింద పుస్తకం సర్ది, చెప్పులు విడిచి, నడిచి వచ్చి ఆ ఖాళీలో మోకరించింది. అతనివైపు చూడలేదు. అయ్యగారు ఇద్దరికీ ఇచ్చి, బయటికి నడిచి, ఆటోలో ఉన్న సంతోషమ్మకు ఒక ముక్క ద్రాక్షరసంలో నానబెట్టి నోట్లో పెట్టారు.

ఆ సాయంత్రం నేను దీనమ్మను గోడ దగ్గర పట్టుకున్నాను.

"కోపం పోయిందా?"

"కొంచెం ఉంది."

"మరి బల్లకెలా వచ్చావు?"

"అంత మాడిపోయిన రొట్టె నేను తినకపోతే ఇంకెవరు తింటారక్కా," అని లోపలికి వెళ్ళిపోయింది. ఇది జవాబో, జవాబు ఎగ్గొట్టడమో నాకు తెలియలేదు. పేటకు చెబితే పేట మళ్ళీ రెండు ముక్కలైంది.

మర్నాడు ఫిలేమోను అయ్యగారి అరుగు మీద కూర్చున్నాడు. ముఖంలో సంతోషం లేదు, దుఃఖమూ లేదు.

"అయ్యగారూ, నేనడిగినదానికి మీరు ఇంకా చెప్పలేదు. గుడి పని తగ్గించుకోవాలా, పెంచుకోవాలా? ఇంట్లో ఉంటే ప్రభువు గుర్తొస్తున్నాడు, గుడిలో ఉంటే అమ్మ గుర్తొస్తోంది. అంతా కలగాపులగంగా ఉంది." కాసేపు చేతులు చూసుకుని మళ్ళీ అన్నాడు. "ఇంకోటి కూడా మనసులో పొడుస్తోందండి. శనివారం ప్రార్థన మధ్యలో లేచిపోయాను. అమ్మ పిలిచింది, పరిగెత్తాను. నా జన్మలో ఎప్పుడూ అలా చెయ్యలేదు."

"లేచేటప్పుడు ఆమెన్ అని ముగించావా?" అని అడిగారు అయ్యగారు.

"లేదండీ. ఆ కంగార్లో మరిచిపోయాను."

"మంచిది," అన్నారు అయ్యగారు. "ఇప్పుడప్పుడే అనకు."