పల్లాలు ఇంట్లో పెట్టిన బడి

అన్యాయం జరిగింది ఆదిలక్ష్మికి. ఎప్పుడంటే, మొన్న ఆషాఢంలో, దానికి ఏడో ఏడు వచ్చిన వారానికి. చేసింది పగవాళ్ళు కాదు. అమ్మ, నాన్న, నాయనమ్మ, బాబాయి. నలుగురికీ ఆ పిల్లంటే ప్రాణం. అందుకే ఎవరూ అడ్డుపడలేకపోయారు.

పెసరలంకలో వాళ్ళది తెలివైన ఇల్లని పేరు. ఆ పేరు ఊరు పెట్టింది కాదు, వాళ్ళే పెట్టుకున్నారు. పొద్దున్నే అరుగు మీద చేరి ఒకరి తెలివిని ఒకరు మెచ్చుకోవడంతోనే సగం పూట గడిచిపోయేది.

"వానలో నిలబడితే తడుస్తామని చిన్నప్పుడే కనిపెట్టాడు మా పల్లాలు" అనేది తల్లి అచ్చియ్యమ్మ.

"మా నూకరత్నం తక్కువదా? ఉప్పు ఎక్కువేస్తే కూర ఉప్పగా ఉంటుందని రుచి చూడకుండానే చెప్పేస్తుంది" అనేవాడు పల్లాలు, పెళ్ళాం వైపు గర్వంగా చూసి.

తమ్ముడు గంగరాజుకి ముప్ఫై ఏళ్ళు, మూతి నిండా మీసాలు. మెచ్చుకోవడానికి అతనిలో ఎవరికీ ఏమీ దొరికేది కాదు. అందుకని తనే అందుకునేవాడు. "మీ అందరికీ తెలివుందని నాకు తెలుసు. అదీ నా తెలివి."

ఆ ఏడు బడి తెరిచాక, రెండో తరగతి చెప్పే భాగ్యవతి టీచరు తల్లిదండ్రులందర్నీ పిలిచి కూర్చోబెట్టింది. "పిల్లల్ని బళ్ళో పడేసి చేతులు దులుపుకోకండి. అసలు చదువు ఇంట్లోనే జరగాలి" అని గట్టిగా చెప్పింది.

పల్లాలు ఇంటికి రాగానే చెప్పులు కూడా విడవలేదు. "విన్నారా? అసలు చదువు ఇంట్లోనట. ఆ మాట టీచరమ్మే ఒప్పుకుంది. మరైతే బళ్ళో ఇన్నాళ్ళూ ఇస్తున్నదేంటి? నకిలీది!"

"అయ్యయ్యో, పసిదానికి నకిలీ చదువు తాగించార్రా!" అని అచ్చియ్యమ్మ గుండెలు బాదుకుంది.

అంతే. మర్నాటి నుంచి ఆదిలక్ష్మికి బడి బంద్.

ఆ పిల్ల ఏడ్చింది. రెండో తరగతిలో దాని నేస్తం నాగమణి పక్కన దాని చోటుంది. ఇద్దరూ ఒకే తాటిముంజె పంచుకు తిన్న నేస్తాలు. "నాగమణి ఒక్కతే కూర్చుంటుంది నాన్నా" అంది.

"అసలు చదువు వచ్చేదాకా ఓర్చుకో తల్లీ" అన్నాడు పల్లాలు.

వారం చూసి టీచరు ఇంటికే వచ్చింది. నచ్చజెప్పింది, కోప్పడింది, చివరికి విసిగిపోయింది. "సరే, మీ ఇష్టం. మాఘమాసంలో వచ్చి పరీక్ష పెడతా. కూడబలుక్కునైనా చదివిందా, రెండో తరగతి. చదవలేదా, ఒకటో తరగతిలో చీమిడిముక్కు పిల్లల మధ్య మళ్ళీ మొదట్నుంచి. చెప్పేదేదో సరిగా ఏడవండి. బళ్ళో ఎలా జరుగుతుందో ఇంట్లోనూ అలాగే జరగాలి."

"టీచర్, నాగమణి పక్కన ఎవర్నీ కూర్చోబెట్టరుగా?" అంది ఆదిలక్ష్మి.

"చదవడం నేర్చుకో. నీ చోటు నీకే" అని టీచరు వెళ్ళిపోయింది.

బళ్ళో జరిగినట్టే జరగాలన్నారు కదా, ఇంకేముంది, పల్లాలు హెడ్మాస్టరయ్యాడు. నూకరత్నం టీచరయింది. అచ్చియ్యమ్మ ఇత్తడి పళ్ళెం పుచ్చుకుని గంట దగ్గర కూర్చుంది. ఒక్కటే చిక్కు వచ్చింది. పిల్ల బళ్ళోనే పడుకుని బళ్ళోనే లేస్తుంటే, బడికి వచ్చినట్టెలా అవుతుంది?

"దొడ్డిదారిన బయటికి తీసుకెళ్ళి వీధిదారిన తీసుకురండి" అన్నాడు హెడ్మాస్టరు.

గంగరాజు దాన్ని దొడ్డిదారిన అరటితోటలోకి తీసుకెళ్ళి, కాలవగట్టు మీదుగా చుట్టు తిప్పి వీధిలోకి తెచ్చేసరికి గంట మోగిపోయేది. గంట మోగాక గేటు వెయ్యాలి కదా, వేసేవాళ్ళు. అవతల గేటు పట్టుకుని పిల్ల, ఇవతల గంజి పెట్టిన చీరలో నూకరత్నం.

"ఎవరమ్మాయివి?"

"నీ అమ్మాయినే కదే అమ్మా."

"బళ్ళో అమ్మలుండరు. ఎందుకాలస్యమైంది?"

"నువ్వే కదా జడ ఆలస్యంగా వేశావు."

"మీ అమ్మకి బుద్ధుందా? రేపు వెంటబెట్టుకుని రా!"

మర్నాడు నూకరత్నం చెంగు నడుముకి దోపుకుని, పిల్లని వెంటబెట్టుకుని వచ్చి, ఖాళీ కుర్చీ ముందు చేతులు కట్టుకుని నిలబడింది. తర్వాత చెంగు వదిలేసి, పోయి ఆ కుర్చీలో కూర్చుంది. "మీరు పిల్లని బొత్తిగా పట్టించుకోవట్లేదమ్మా" అంది. లేచి ఇవతలికొచ్చి, చెంగు దోపుకుని, "ఎక్కడండీ, పాలు పితకాలి, పిడకలు కొట్టాలి" అని బావురుమంది. మళ్ళీ కుర్చీలోకి పోయి, "ఏడవకండమ్మా, మీ కష్టం నాకు తెలీదా" అని తనూ కళ్ళొత్తుకుంది. ఈ ఎక్కడం దిగడంలో మధ్యాహ్నం గంట కొట్టేశారు. ఆ రోజుకి చదువయిపోయింది. మిగతా రోజులూ ఇంచుమించు ఇంతే.

పరీక్షలు పెట్టారు. ఉన్నది ఒక్క పిల్ల కాబట్టి మొదటి ర్యాంకు ఆదిలక్ష్మికే వచ్చింది. ఇల్లంతా ఎగిరి గంతేసింది. అంతలో గంగరాజు ఆలోచించి, "అన్నయ్యా, మరి ఆఖర్న వచ్చిందెవరు?" అన్నాడు. చూస్తే ఆఖర్న వచ్చిందీ ఆదిలక్ష్మే. ఇల్లంతా కూలబడింది. మొదట వచ్చినందుకు పాయసం వండారు. ఆఖర్న వచ్చినందుకు దానికి పెట్టలేదు. గిన్నె గంగరాజు ఖాళీ చేశాడు.

ఇలా లాభం లేదని, ఆఖర్న రావడానికి ఒకడుండాలని, గంగరాజుని బళ్ళో వేశారు. అంతే. అతను మొదటి రోజే చాప మీద కూర్చుని, "ఇంటికెళ్ళిపోతా" అని రాగం తీశాడు.

"గంట కొట్టకుండా ఇంటికెలా పంపుతారు?" అని అచ్చియ్యమ్మ పళ్ళెం గట్టిగా పట్టుకుంది. ఉన్నది ఇంట్లోనే అని చెప్పినది ఒక్క ఆదిలక్ష్మే. చిన్నపిల్లల మాట ఎవరు వింటారు?

కార్తీకంలో టీచరు మనసాగక తొంగిచూసింది. మీసాలాయన పలక పట్టుకుని ఏడుస్తున్నాడు. నూకరత్నం ఒంటరిగా తనని తాను తిట్టుకుంటోంది. టీచరు నెత్తి కొట్టుకుంది.

"తల్లీ, ఈ గంటా వద్దు, గేటూ వద్దు. మామూలుగా ఉండండి. లెక్కలు ఇంట్లో ఉన్నవాటితోనే చెప్పండి. కలిపేవి కలపాలి, తీసేవి తీసెయ్యాలి, పిల్ల కళ్ళారా చూడాలి. ప్రతి వస్తువు మీదా దాని పేరు రాసి అంటించండి. చూడగా చూడగా చదవడం అదే వస్తుంది."

ఇది బంగారం లాంటి సలహా. ఇంకో ఇంట్లో అయితే.

పల్లాలు ముందు లెక్కలు అందుకున్నాడు. పెరట్లో ఐదు కోళ్ళున్నాయి. రెండింటిని పట్టుకుని గోడ మీదనుంచి పక్కింటి సుబ్బాయమ్మ దొడ్లోకి విసిరేశాడు.

"ఐదులోంచి రెండు తీసేస్తే?"

"మూడు" అంది ఆదిలక్ష్మి.

ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు.

"ఇప్పుడు ఆ రెండూ తెచ్చుకుందాం నాన్నా."

"పిచ్చితల్లీ, తీసేసింది మళ్ళీ తెస్తే లెక్క తప్పదూ?"

సాయంత్రానికి సున్నా కూడా చెప్పేశాడు. కోళ్ళగూడు ఖాళీ. మర్నాడు కూడిక. గోడ దూకి సుబ్బాయమ్మ దొడ్లో ఉన్న కోళ్ళన్నీ, పుంజుతో సహా, పట్టుకొచ్చేశాడు. వెనకాలే చీపురు తిరగేసి సుబ్బాయమ్మ వచ్చింది.

"ఏరా పల్లాలూ, పట్టపగలు కోళ్ళ దొంగతనమా?"

"దొంగతనం కాదు సుబ్బాయమ్మత్తా, కూడిక."

"అలాగా నాయనా, అయితే గుణకారం నేను చెబుతా, వీపు ఇటు తిప్పు!"

ఆ గుణకారం పల్లాలుకి బాగా వచ్చింది. పది రోజులు బోర్లా పడుకున్నాడు. ఊరికే పడుకోకుండా, ఆ పడుకునే చీటీలు రాశాడు. తలుపు, గేదె, దూడ, రోలు, నాయనమ్మ, ఆదిలక్ష్మి. గంజి రాసి అన్నిటికీ అంటించారు. అచ్చియ్యమ్మకి నుదుటి మీద, పిల్లకి గౌను మీద.

"ఏవండీ, చీటీలో ఒకటుండి కంటికి ఇంకోటి కనపడితే దేన్ని నమ్మాలి?" అని నూకరత్నం అడిగింది.

"మనం చదువుకున్నవాళ్ళం. రాసినదాన్నే నమ్మాలి" అన్నాడు పల్లాలు.

ఇంకేముంది, కొంప మునిగింది. దూడకి గంజి వాసన తగిలి ఆదిలక్ష్మి గౌను నాకింది. చీటీ ఊడి దూడ మొహానికి అతుక్కుంది. నూకరత్నం దూడని నూతి దగ్గరికి లాక్కుపోయి తలంటు పోసింది, పౌడరు రాసింది, తోకకి రిబ్బను కట్టి జడ అల్లింది. "కదలకే, పాపిడి వంకర పోతుంది" అని గదిమింది కూడా. పుస్తకం ముందు పెడితే దూడ ఆ పుస్తకాన్ని నమిలి మింగేసింది.

"ఏవండోయ్, మన పిల్లకి చదువంటే ఎంత ఆకలో చూశారా!"

"అమ్మా, నేనిక్కడున్నా. నాకాకలేస్తోంది" అంది ఆదిలక్ష్మి.

"నీ మీద ఏం రాసుంది?"

"ఏమీ లేదు."

"అయితే నువ్వు ఏమీ కాదు. పక్కకి జరుగు, పిల్ల అన్నం తినాలి."

ఆ మాటకి ఆ పసిది ఎక్కడికి పోతుంది? కాసేపు అరుగు కింద కూర్చుని ఏడ్చింది. కడుపు మాడేసరికి లేచింది. కిందపడున్న చీటీ ఒకటి తీసి గౌనుకి అంటించుకుంది. అది రోలుది. అంతే, అచ్చియ్యమ్మ రోకలి భుజాన వేసుకుని, నానబెట్టిన మినప్పప్పు తెచ్చి దాని నెత్తిన కుమ్మరించింది. రోకలి దించేలోపు పిల్ల పరుగు లంకించుకుంది గానీ, లేకపోతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

అప్పుడు ఆదిలక్ష్మి జుట్టులో పప్పు దులుపుకుని, దూడ మొహం ముందు కూర్చుని, ఆ చీటీని మొదటిసారి కళ్ళు పెట్టి చూసింది. ఇది ఆ. ఆటలో ఆ. ఆవులో ఆ. రోలు చీటీలో ఇది లేదు. అయితే నాది ఇదే. పీకి తన గౌనుకి అంటించుకుంది.

"ఎక్కడికెళ్ళావే ఇంతసేపూ!" అని నూకరత్నం వాటేసుకుని అన్నం పెట్టింది.

ఆ రోజు నుంచి పళ్ళు తోముకోవడం కంటే ముందు చీటీలు చూసుకోవడం ఆ పిల్ల పని. గాలికి ఊడినవీ, గేదె రుద్దుకున్నవీ ఏరుకొచ్చి, ఒక్కోటీ చదివి, దేన్ని దానికి అంటించేది. తప్పు చదివితే అన్నం ఉండదు. కొత్తది కనిపిస్తే పాతదానితో పోల్చుకునేది. ఆ ఇంట్లో చదువు చెప్పినవాడు ఒక్కడూ లేడు. చదువుకున్నది మాత్రం ఒకతి ఉంది.

మాఘంలో ఒక శనివారం టీచరు సుద్దముక్కతో వచ్చింది. గోడల మీద చీటీలున్నాయి కాబట్టి, బట్టీ పట్టిందేమోనని టీచరు ఎక్కడా లేని మాటలు నేల మీద రాసింది. ఆదిలక్ష్మి మోకాళ్ళ మీద కూర్చుని, వేలు పెట్టి, కూడబలుక్కుంది.

"నా... గ... మ... ణి... ప... క్క... న... చో... టు... ఖా... ళీ... గా... ఉం... ది."

ఒక్క కేక పెట్టి గెంతింది. "టీచర్! నా చోటు ఉందట!"

టీచరు దాన్ని దగ్గరికి తీసుకుంది. "ఉందే బంగారం. సోమవారం నుంచి వచ్చెయ్. ఎవరే నీకింత బాగా నేర్పింది?"

అబద్ధం తెలియని పిల్ల. "తలుపు, గేదె, దూడ, రోలు" అంది.

టీచరు పగలబడి నవ్వింది. "అయితే సోమవారం నీ గురువులందర్నీ బడికి తీసుకురా, దండలేసి దండం పెడతా" అని వెళ్ళిపోయింది.

నవ్వుతూ అన్న మాట ఎక్కడ అనకూడదో, టీచరుకి అప్పటికీ తెలిసిరాలేదు.

సోమవారం పొద్దున్నే పల్లాలు బందులు ఊడదీసి వీధితలుపు నెత్తికెత్తుకున్నాడు. గంగరాజు రోలు దొర్లించాడు. నూకరత్నం గేదెనీ దూడనీ తోలింది. తీరా బయల్దేరబోతే గుమ్మం బోసిగా ఉంది.

"ఒరే, ఇల్లు బార్లా తెరిచి పోతే దొంగలు పడరూ?" అంది అచ్చియ్యమ్మ.

ఆ ఇంట్లో తెలివికి కరువా? పల్లాలు కొత్తగా 'తలుపు' అని చీటీ రాసి, తల్లి నుదుటినున్నది పీకి ఇది అంటించాడు. పీకిన 'నాయనమ్మ' చీటీని పారెయ్యడం దేనికని నెత్తిమీది తలుపుకున్న చీటీ మీదే అంటించాడు. అచ్చియ్యమ్మ గుమ్మంలో అడ్డంగా చేతులు చాపి నిలబడింది.

కాసేపటికి సుబ్బాయమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. "వదినా, కాస్త తోడు పెరుగుంటే పెట్టు."

"తలుపేసుంది కనపడట్లేదూ? తీశాక రా" అంది అచ్చియ్యమ్మ, కదలకుండా.

బళ్ళో టీచరు వీళ్ళని చూసి కుర్చీలో కూలబడింది. ఆ మాట తనే అంది కాబట్టి దండలు వేసింది. తన దండ తిని, దూడ దండ కూడా తినేసింది గేదె. ఆ గోల వినిపించుకోకుండా ఆదిలక్ష్మి నేరుగా పోయి నాగమణి పక్కన కూర్చుంది. ఇద్దరూ భుజం భుజం రాసుకుని కిసుక్కున నవ్వుకున్నారు.

సాయంత్రం బడి నుంచి అందరూ తిరిగొచ్చారు. గుమ్మంలో ఒక తలుపు నిలబడే ఉంది. చేతిలో ఇంకో తలుపుంది. ఒక్క గుమ్మానికి రెండు తలుపులు దేనికి? పల్లాలు చేతిలోదాన్ని తిప్పి చీటీ చదివాడు. కళ్ళు చెమర్చాయి.

"అయ్యో, పొద్దుట్నుంచీ అమ్మని నెత్తిన మోశామర్రా! ఎంత అలిసిపోయిందో పాపం!"

అంతే. వీధితలుపుని మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, ఒకరు కాళ్ళు, ఒకరు తల పట్టడం మొదలెట్టారు. అచ్చియ్యమ్మ గుమ్మంలోంచి మెడ తిప్పి చూసి, "ఆవిడ పాపం పెద్దదైపోయిందిరా, జావ కాచి పొయ్యండి" అంది.

రెండో తరగతి హాజరు పట్టీలో ఆదిలక్ష్మి పేరు ఎక్కిందీ, ఆ తలుపు జావ తాగిందీ ఒక్కరోజే. ఫిబ్రవరి తొమ్మిదో తారీఖు, సోమవారం.