పొయ్యి వెలగని దీవి

ఏడు సముద్రాలకు ఈవలి ఒడ్డున ఒక రాజుండేవాడు పిల్లలూ. రాజన్నాక ముగ్గురు కొడుకులుంటారు కదా, ఈయనకీ ఉన్నారు. కంకాళుడనే మాంత్రికుణ్ణి చంపి రమ్మని పెద్దవాణ్ణి పంపాడు, రాలేదు. రెండోవాణ్ణి పంపాడు, వాడూ రాలేదు. అప్పుడు మూడోవాడు కీర్తిసేనుడు కత్తి కట్టుకుని పడవెక్కాడు. వాణ్ణి కాసేపు నీళ్ల మీద ఉండనివ్వండి. నాకు ఒళ్లు మండేది అవతలి ఒడ్డు సంగతికి!

ఏడో సముద్రం అవతల ఒక దీవి. అక్కడ చెట్టన్నది మొలవదు, గాలన్నది ఆగదు. అందుకని అక్కడి వాళ్లు మందపాటి రాతిగోడలు కట్టి, పైన గడ్డి కప్పి, కప్పు ఎగిరిపోకుండా తాళ్లు వేసి, తాళ్ల కొసలకు బండరాళ్లు వేలాడదీసేవారు. ఇంట్లో ఈ కొసన మనుషులు, ఆ కొసన ఆవు, నడుమ పొయ్యి. ఆ పొయ్యి తాతల నాటి నుంచి ఆరింది లేదు. పొగ గడ్డిలోంచే బయటికి పోయేది. ఏడాదికోసారి ఊరంతా కలిసి మసి పట్టిన గడ్డి దింపి, చేలకు ఎరువుగా వేసి, కొత్త గడ్డి కప్పుకునేవారు. ఎవరి జోలికీ పోని మనుషులు.

అలాంటి చోటికి వచ్చి కంకాళుడు మూడు ఆజ్ఞలు వేశాడు. పొయ్యి వెలిగించకూడదు. కప్పు దింపకూడదు. ఎందుకని అడగకూడదు. వింటున్నారా? అంత చలిలో పొయ్యి వెలిగించకూడదట! వాడి నోట్లో మన్ను పడ!

ఆ దీవిలో మంకెన అనే పిల్ల ఉండేది. చలికి వాళ్ల అవ్వ ముడుచుకుని ముడుచుకుని ప్రాణం విడిచింది. అది చూసి ఆగలేక వాళ్ల నాన్న పొయ్యి రాజేశాడు. కప్పులోంచి పొగ లేచిందో లేదో, కంకాళుడు కొండ దిగి వచ్చి ఆయన్ని బండరాయిని చేసేశాడు. మంకెన ఆ రాయికి రోజూ కంబళి కప్పేది. ఎలాగైనా నాన్నను మళ్లీ మనిషిని చేసుకోవాలని పళ్లు కొరికేది. ఊరి పెద్ద లింగాలు మాత్రం, "ఊరుకో తల్లీ, వాడితో మనకెందుకు?" అనేవాడు. ఆ మాట వింటే ఆమెకు కంకాళుడి మీదకన్నా లింగాలు మామ మీదే ఎక్కువ మండేది.

ఇదిగో, ఇప్పుడు దిగాడు మన కీర్తిసేనుడు. మంకెన ఇంటి గుమ్మంలో నిలబడి, "అమ్మాయీ, కంకాళుడి ప్రాణం ఎక్కడుందో తెలుసా?" అని అడిగాడు.

"తెలిస్తే నువ్వొచ్చేదాకా ఆగుతానా?" అంటూ ఆమె పచ్చి చేప ముందు పెట్టింది.

"వండలేదా?"

"పొయ్యి లేదు. తింటే తిను, లేకపోతే సముద్రంలో పారెయ్."

కీర్తిసేనుడు కొండ గుహలో వెతికాడు, గబ్బిలాలు దొరికాయి. సముద్రంలో మునిగి వెతికాడు, నత్తగుల్లలు దొరికాయి. ఒడ్డున ఇసుక తవ్వాడు, పీతలు కరిచాయి. ఒళ్లంతా తడిసి తిరిగొచ్చాడు.

"తిరగడమేనా, బుర్రేమైనా పెట్టేదుందా?" అని మంకెన విరుచుకుపడింది.

"ఆ అరుపులు ఆపండి!" అంది ఆవు. "నన్నడిగారా ఎవరైనా? పాలు పిండుకోవడానికి తప్ప నా దగ్గరికి వచ్చిందెవరు? కంకాళుడు వచ్చినప్పటి నుంచీ నా నెత్తిమీద గడ్డిలో ఒక చిలక గొణుగుతోంది. 'నేనుంటే కంకాళుడున్నాడు, నేనుంటే కంకాళుడున్నాడు' అని. నాకు నిద్ర లేదు!"

మంకెనకు అంతా అర్థమైంది. పొగ వస్తే చిలక ఉక్కిరిబిక్కిరవుతుంది, కప్పు దింపితే దొరికిపోతుంది. పేదవాళ్ల గడ్డిలో ఎవరు వెతుకుతారనుకున్నాడు వాడు. "వాడి పిట్ట కోసమా మా అవ్వ చచ్చింది!" అని శివాలెత్తింది.

కీర్తిసేనుడు కత్తితో కప్పును పొడవబోతే చెయ్యి పట్టుకు లాగింది. "కెలికితే తుర్రుమంటుంది. చెకుముకి రాయి ఉందా?"

ఉంది. కానీ ఒక్క ఇంట్లో పొగ లేస్తే నాన్నకు పట్టిన గతే పడుతుంది. మంకెన పిడక అంటించి పట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగింది. "కప్పు వేసుకునేప్పుడు ఊరంతా కలిసొస్తారే, ఇప్పుడేమొచ్చింది మీకు? సిగ్గులేదూ?" అని తిట్టింది. లింగాలు మామ కుండెడు నీళ్లతో నిప్పు ఆర్పడానికి వస్తే, ఆ కుండ లాక్కుని నేలకేసి కొట్టింది. ఊరు ఊరంతా తలలొంచుకుని పొయ్యిలు రాజేసింది.

కంకాళుడు రంకెలేస్తూ కొండ దిగాడు. దిగితే ఏముంది? అన్నీ అవే రాతిగోడలు, అవే గడ్డికప్పులు, ఊరంతా కమ్మేసిన పొగ. తన చిలక ఏ ఇంట్లో ఉందో వాడికే తెలియలేదు. ఈ ఇంట్లో దూరి దగ్గాడు, ఆ ఇంట్లో దూరి దగ్గాడు. ఇంతలో మంకెన ఇంటి కప్పులోంచి చిలక సోలి ఆవు మేతలో పడింది. కీర్తిసేనుడు దాని మెడ పట్టుకున్నాడు.

"వదలండి! రాజ్యాలిస్తాను!" అని కంకాళుడు గుమ్మంలో కూలబడ్డాడు.

"ముందు రాళ్లన్నీ మనుషులు కావాలి," అంది మంకెన.

అయ్యాయి. నాన్న కంబళి దులుపుకుని లేచాడు. బయట చూరు కింద కేకలు వినిపించాయి. బరువైన రాళ్లు కదా అని ఊరివాళ్లు కప్పు తాళ్లకు కట్టింది రాజుగారి పెద్ద కొడుకుల్నే! నడుముకు తాళ్లతో ఇద్దరూ వేలాడుతున్నారు. వాళ్లను దింపాక, "ఇక నా చిలకనివ్వండి," అన్నాడు కంకాళుడు. ఇస్తామని ఎవరన్నారు? కీర్తిసేనుడు చిలక మెడ తిప్పాడు, కంకాళుడి పీడ విరగడైంది.

కీర్తిసేనుడూ మంకెనా పెళ్లి చేసుకుని, పిల్లాపాపలతో రెండు ఒడ్లనూ చాలా కాలం ఏలారు. ఆ పెళ్లినాడు లింగాలు మామ వచ్చి, "తప్పయిపోయింది తల్లీ, మనసులో పెట్టుకోకు," అన్నాడు.

"పెట్టుకుంటాను మామా. రాళ్లు మనుషులయ్యాయి గాని మా అవ్వ రాదుగా," అంది మంకెన.

ఆయన వెనక్కి తిరిగాడు.

"ఎక్కడికి పోతావు? కంచం పెట్టాను. సంకటి వేడిగా ఉంది, కూర్చుని తిను," అని గద్దించింది. ఆయన కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ తిన్నాడు.