గుండ్లవాగు చెలమ, కొండమ్మ పొట్ట

ఎర్రమల కొండల కింద పారే గుండ్లవాగు వానాకాలంలో రంకెలు వేస్తుంది, ఎండాకాలంలో నోరెత్తదు. అప్పుడు వాగంతా ఇసుకే. ఆ ఇసుకలో ఒకచోట గుంత తవ్వితే అడుగు నుంచి నీళ్లూరతాయి. దాన్నే చెలమంటారు. ఎండలు ముదిరితే చుట్టుపక్కల జంతువులకు ఆ చెలమే దిక్కు.

ఆ ఏడు రోహిణి కార్తె ఇంకా రానే లేదు, నీళ్లు రోజుకింత దిగిపోతున్నాయి. ఎవరూ నిమ్మళంగా తాగడం లేదు. ఒకరు మూతి పెడితే, ఆ గొంతు ఎన్నిసార్లు కదిలిందా అని మిగతావాళ్లు చూస్తున్నారు.

చెలమకు పెద్ద సుంకన్న అనే నక్క. కిందటేడు అందరినీ కూర్చోబెట్టి, "నన్ను కాపలా పెట్టండి, చెలమ ఎండే మాటే ఉండదు" అని మాటిచ్చాడు. మాటిచ్చినప్పటి నుంచి చెలమ పక్కన బండనీడలో కూర్చోవడం, దాహమేసినప్పుడల్లా దిగి తాగడం, మళ్లీ కూర్చోవడం. అదీ ఆయన కాపలా.

ఒక పొద్దున చెలమకు వస్తున్న సుంకన్నను కుందేలు బుడ్డన్న దారిలోనే అడిగేశాడు. "సుంకన్న మామా, నువ్వుండగా నీళ్లెట్లా తగ్గుతున్నాయి?"

అతని వెనకే అడవిపంది ఓబులు, చుక్కల దుప్పి చెన్ని, నెమలి నీలవేణి నిలబడ్డారు. సుంకన్న ఆకాశం వంక చూశాడు. ఆకాశాన్ని నిలదీయలేం. ఇసుక వంక చూశాడు. ఇసుక తప్పు ఒప్పుకోదు. చివరికి చెలమ వైపు తిరిగేసరికి, అక్కడ వీళ్లకు వీపు పెట్టి, తల లోపలికి దూర్చి, ఎలుగుబంటి కొండమ్మ కనబడింది.

"ఎట్లా తగ్గుతున్నాయో మీ కళ్లతో మీరే చూడండి" అన్నాడు సుంకన్న.

మాటలు వినబడి కొండమ్మ తలెత్తింది. మూతి నుంచి నీళ్లు కారుతున్నాయి. ముంజేతుల దాకా తడి ఇసుక.

"ఇసుక తీస్తున్నా. రాత్రి జారి పడింది, అది తీయకపోతే..."

"అక్కా, అది పొట్టా, ఇంకో చెలమా?" అన్నాడు ఓబులు.

అందరూ గొల్లుమన్నారు. బుడ్డన్న కూడా నవ్వాడు. కొండమ్మ చెప్పబోయిన మాట ఆ నవ్వుల్లో కలిసిపోయింది. రోజూ అందరికంటే ముందొచ్చి జారిన ఇసుక తోడిపోస్తుంది, నీళ్లూరాక తను తాగి పోతుంది. ఎవరికీ చెప్పింది లేదు, ఎవరూ చూసింది లేదు. ఆ రోజు చూశారు. చూసింది తోడడాన్ని కాదు, పొట్టను.

అసలు వాళ్ల వంశమే అంత. వాళ్లమ్మ అంతే, అమ్మమ్మ అంతే. ఎలుగుబంటి కడుపున పుల్ల పుడుతుందా? ఇన్నేళ్లూ ఆ ఒంటి గురించి కొండమ్మ ఆలోచించనే లేదు. ఆ పొద్దుటి నుంచి ఇంక వేరే ఆలోచన లేదు. ఇప్పచెట్టు కింద రాలిన పండు నోట్లో పెట్టుకోబోతే ఎక్కడో ఆకు కదిలింది, పండు వదిలేసింది. పుట్ట తవ్వి చెదపురుగులు తినబోతూ, పుట్టను కాకుండా చుట్టూ చూసింది. కూర్చుంటే పొట్ట ముందుకొస్తుందని కూర్చోలేదు. నిలబడితే నలుగురికీ కనబడతానని నిలబడలేదు. కొండ ఈ పక్క నుంచి ఆ పక్కకు తిరుగుతూనే ఉంది.

దారిలో నీలవేణి ఎదురొచ్చి ప్రేమగా పలకరించింది. "అక్కా, నీ మేలుకోరి చెబుతున్నా. మొహం చూస్తే లక్ష్మీకళ. కాస్త తగ్గావంటే నీ అంత అందగత్తె ఈ కొండ మీద ఉండదు. నన్ను చూడు, పొద్దున నాలుగు గింజలు, సాయంత్రం నాలుగు గింజలు."

"నువ్వు నెమలివి కదమ్మా."

"అయితే ఏం? పట్టుదల ఉండాలక్కా."

తిట్టినవాళ్లకైనా బదులు చెప్పొచ్చు, మేలుకోరేవాళ్లకు ఏం చెబుతాం! కొండమ్మ తలూపి తప్పుకుంది.

మర్నాడు సుంకన్న కొత్త కట్టుబాటు పెట్టాడు. చెలమకు దిగే దారికి అటొక బండ, ఇటొక బండ. వాటిని దగ్గరికి జరుపుతారట. ఆ సందులో దూరినవాళ్లకే నీళ్లట.

"దూరలేకపోయారంటే, అందరి నీళ్లూ తాగింది వాళ్లేనని రుజువైనట్టే కదా" అన్నాడు.

నిజమే కాబోలు అనుకున్నారందరూ. నీళ్లెందుకు తగ్గాయో తలబద్దలు కొట్టుకోవడం కంటే ఈ పద్ధతి తేలిగ్గా ఉంది. ఓబులు ముట్టెతో బండను నెట్టాడు, తన నడుము పట్టేంత సందు ఉంచి ఆపాడు. ఒక్కొక్కరూ దూరారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, దూరే ముందు ప్రతివాళ్లూ పొట్ట లోపలికి లాక్కున్నారు. పిడికెడు లేని బుడ్డన్న కూడా ఊపిరి బిగబట్టాడు.

కొండమ్మ వంతు వచ్చింది. భుజాలు పట్టాయి. నడుము పట్టలేదు. ముందుకు నెట్టుకుంది, కుదరలేదు. వెనక్కి రావడం అంతకంటే కష్టమైంది. రాతికి నల్లటి బొచ్చు అంటుకుపోయింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరని ఆమె చూడలేదు, తిన్నగా కొండెక్కి పోయింది.

మూడు రోజులు నీళ్లు లేవు. తెల్లారగట్ల ఆకుల మీది చెమ్మ నాకింది, పుల్లటి కాయలు నమిలింది. నాలుక పిడచగట్టుకుపోయింది. పడుకుంటే నిద్ర రాదు, లేస్తే కాళ్లు ఆడవు. అన్నిటికంటే ఆ ఆలోచనే ఎక్కువ తినేసింది. "నిజంగానే నేనే తాగేశానేమో! ఇంతమంది ఒకే మాట అంటుంటే అబద్ధమవుతుందా? నా ఒళ్లు నాకే తెలియకుండా..." తన చేతులతో రోజూ చేసిన పని మీద తనకే నమ్మకం పోయింది.

నాలుగో రోజు ఇక తాళలేక కొండ మీది ఎండిన కాలవలో ఇసుక తవ్వింది. మోచేయి లోతున తడి తగిలింది. భుజం లోతున నీళ్లూరాయి. తాగింది. మర్నాడు పోయి చూస్తే ఇసుక జారి గుంత పూడిపోయింది, చుక్క లేదు. మళ్లీ తోడింది. మళ్లీ ఊరాయి.

కొండమ్మ తన చేతులు చూసుకుంది. నీళ్లు తాగితే పోవడం లేదు, తోడకపోతే పోతున్నాయి! పరుగున కిందికి దిగి చెబుదామనుకుంది. పది అడుగులు వేసి ఆగింది. పోతే మళ్లీ ఆ నవ్వులు. వెనక్కి వచ్చింది. మళ్లీ పది అడుగులు వేసింది. మళ్లీ వచ్చింది. ఆ రోజంతా అదే పని.

ఆరో రోజు ఆమె గుహ ముందుకు ఓబులు వచ్చి నిలబడ్డాడు. చెవులు వేలాడుతున్నాయి.

"ఏమిరా, నా పొట్ట చూసిపోదామని వచ్చావా?"

"ఇంకా ఎందుకు పొడుస్తావక్కా! నన్నూ తరిమేశారు."

"నిన్నా? బండ నెట్టిందే నువ్వు కదరా?"

"అదే కదా నా కర్మ! నువ్వు పోయినా నీళ్లు తగ్గుతూనే ఉన్నాయి. 'ఓబులూ, సందు ఇంకొంచెం బిగించరా, నీ బలానికి ఇదెంత' అన్నాడు సుంకన్న మామ. పొగిడాడు కదా అని బిగించాను. చూసుకుంటే నేను ఇవతల, చెలమ అవతల."

కొండమ్మకు నవ్వొచ్చింది. వాడి ఎండిన ముట్టె చూసి ఆ నవ్వు ఆగిపోయింది. తన గుంత దగ్గరికి తీసుకుపోయి నీళ్లు తాగించింది.

"నేను వచ్చేశాక నీళ్లు ఏమాత్రం పెరగలేదా?"

"పెరగడమా! నువ్వొచ్చిన మర్నాటి నుంచి సగానికి సగం దిగాయి. ఇప్పుడు చెన్ని మీద పడ్డారు. అది నిండు చూలాలు, నేడో రేపో ఈనేట్టుంది. సందు పట్టక నిన్నటి నుంచి బండ పక్కనే పడి ఉంది. 'అంత పొట్టేసుకుని నీళ్లకెందుకొచ్చావు' అంటున్నాడు మామ."

కొండమ్మ ఈసారి పది అడుగుల దగ్గర ఆగలేదు. ఓబులు ఆమె వెనకే నడిచాడు.

కిందికి దిగేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. చెన్ని బండను ఆనుకుని పడుకుని ఉంది, డొక్కలు ఎగిరిపడుతున్నాయి. బండల అవతల సుంకన్న, బుడ్డన్న, నీలవేణి ఉన్నారు. చెలమ అడుగున బురద మెరుస్తోంది.

కొండమ్మను చూడగానే నీలవేణి మొహం విప్పారింది. "అక్కా! ఎంత చిక్కిపోయావు! ఇప్పుడు కళొచ్చింది!"

"దాహానికి పీక్కుపోయానమ్మా. దాన్ని కళ అనకు."

నీలవేణి తల తిప్పుకుంది. కొండమ్మ బండల దగ్గరికి వచ్చి నిలబడింది.

"సుంకన్న మామా, తగువుకు రాలేదు. ఒక్క మాట అడిగి పోతాను. నేను పోయాక నీళ్లు పెరిగాయా?"

"నువ్వు తాగిపెట్టిన లోటు ఇంకా పూడలేదు" అన్నాడు సుంకన్న తడుముకోకుండా.

"ఓబులు పోయాక?"

"వాడు తాగిన లోటూ ఉంది కదా!"

"చెన్ని నిన్నటి నుంచి చుక్క తాగలేదు. ఇవాళైనా పెరిగాయా?"

సుంకన్న చెవి గోక్కున్నాడు. బుడ్డన్న ఒకసారి చెలమలోకి, ఒకసారి నక్క మొహంలోకి చూశాడు.

"సరే మామా, నీ కట్టుబాటే కానీ" అంది కొండమ్మ. "లావుగా ఉన్నవాళ్లు పోతే నీళ్లు పెరగాలి. నేను పోయాను, ఓబులు పోయాడు, చెన్నిని కూడా ఇప్పుడే తీసుకుపోతాను. అయినా నీళ్లు లేవు. అంటే లావుగా ఉన్నవాళ్లు లోపల ఇంకెవరో ఉన్నట్టే కదా? ఎవరో తేల్చు."

"లోపల ఇంకెవరున్నారు? అంతా సన్నవాళ్లమే!"

"వరసగా నిలబడితే తెలిసిపోతుంది."

బుడ్డన్న ఒక్క గెంతులో వచ్చి నక్క ఎడమ పక్క నిలబడ్డాడు. నీలవేణి తోక సర్దుకుని కుడి పక్కకొచ్చింది. మధ్యలో సుంకన్న, బుడ్డన్నకు నాలుగింతలు.

"మామా" అన్నాడు బుడ్డన్న మెల్లగా, "ఇక్కడ లావు నువ్వే."

"నేనా! నేను సన్నగా ఉంటానని అడవంతా తెలుసు!"

"నా పక్కన నిలబడ్డంతసేపూ సన్నగానే ఉంటావు మామా" అంది కొండమ్మ. "నన్ను పంపేశావు. ఓబులునూ పంపేశావు. ఒక్కొక్కరం పోయేకొద్దీ నీ నడుమే లావవుతూ వచ్చింది, నువ్వు చూసుకోలేదు."

"రేపు మామ పోతే నీలవేణి, ఎల్లుండి నేను" అన్నాడు బుడ్డన్న. ఆ మాట అంటూనే నక్క పక్క నుంచి ఒక గెంతు వెనక్కి వేశాడు.

సుంకన్న గొంతు పెంచాడు. "పెద్దనే తరిమేస్తే మీకు నీళ్లెవరు తెస్తార్రా?"

"నువ్వే తే మామా. ఇన్నాళ్లూ పక్కనే కూర్చున్నావు, ఒక్క దోసెడు ఇసుక తోడి చూపించు" అంది కొండమ్మ.

సుంకన్న చెలమలోకి దిగి గీరాడు. ఒక వైపు గీరితే రెండు వైపుల నుంచి ఇసుక జారింది. మెరిసే ఆ కాస్త బురద కూడా పూడిపోయింది. ఇన్నాళ్లూ ఆడలేక మద్దెల ఓడన్నవాడి సంగతి అందరికీ తేటతెల్లమైంది.

కొండమ్మ ఓబులును పిలిచింది. ఇద్దరూ బండకు భుజాలు ఆనించారు. ఓబులుది బలం, కొండమ్మది బరువు. బండ ఒక్క మూలుగు మూలిగి పక్కకు దొర్లింది. ఆమె చెలమలోకి దిగి తోడడం మొదలుపెట్టింది. మోచేయి లోతు. భుజం లోతు. గట్టు జారకుండా ఓబులు తన ఒళ్లు అడ్డం పెట్టాడు. కాసేపటికి అడుగున బుడబుడమంది. మొదట బురదనీళ్లు, తర్వాత తేట నీళ్లు.

ముందు చెన్నిని నడిపించుకొచ్చి తాగించారు. తర్వాత కొండమ్మ వంగింది. అందరూ చూస్తూనే ఉన్నారు. ఆమె కళ్లు మూసుకుని, ఎవరు చూస్తే ఏమని, కడుపు నిండేదాకా తాగింది.

బుడ్డన్న దగ్గరికొచ్చాడు. "అక్కా, ఆ రోజు నేనూ నవ్వాను."

"చూశానురా" అంది కొండమ్మ. చేతులకంటిన ఇసుక దులుపుకుంటూ, "రేపటి నుంచి నువ్వూ రా, గట్టు మీది ఇసుక దూరంగా చిమ్ముదువుగాని" అంది.

ఆ సందడిలో సుంకన్న ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు. వాగు దాటి, కొండ చుట్టుకుని, అవతలి ఊటచెలమకు చేరాడని కాకి చెప్పిన కబురు. అక్కడా నీళ్లు తగ్గుతున్నాయట. సుంకన్న బండనీడ చూసుకుని కూర్చుని, నీళ్లకు వచ్చేవాళ్లలో పెద్ద పొట్ట ఎవరిదా అని చూస్తున్నాడట. అక్కడివాళ్లు మాత్రం ఆయన్ని పలకరించిన మొదటి మాట ఒకటేనట: "మామా, తోడటం వచ్చా?"

నీతి: కరువుకు కారణం వెతకలేనివాడు, కడుపు ఎవరిది పెద్దదా అని వెతుకుతాడు.